చంపేవాడి కథలో నాకు నచ్చింది వాళ్ళ ఇల్లు | ఫైనెస్ట్ అసాసిన్ రివ్యూ

అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఈ వీడియో చేయడానికి కారణం ఇదిగో, ఈ రెండు పుస్తకాలు. ఆన్‌లైన్‌లో మాంగాలు, అంటే జపాన్ బొమ్మల కథలు, లైట్ నవలలు, అంటే అక్కడి తేలికపాటి చిన్న నవలలు, అమ్మే ఒక స్టోరు వాళ్ళు ఫ్రీగా పంపించారు. ఒకటి నవల మొదటి వాల్యూమ్, ఇంకోటి మాంగా మొదటి వాల్యూమ్. డబ్బులు తీసుకోలేదు. ఏం చెప్పాలో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. పుస్తకాలు చేతికొచ్చాక అదే కథతో వచ్చిన యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, మళ్ళీ మొదటి నుంచి చూడాలనిపించింది, చూసేశాను. కాబట్టి ఇవాళ ఎక్కువ మాట్లాడేది యానిమే గురించే.

పేరు చాలా పొడుగు. ద వరల్డ్స్ ఫైనెస్ట్ అసాసిన్ గెట్స్ రీఇన్‌కార్నేటెడ్ ఇన్ అనదర్ వరల్డ్ యాజ్ యాన్ అరిస్టోక్రాట్. మనం ఫైనెస్ట్ అసాసిన్ అనుకుందాం. 2021 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చింది, 12 ఎపిసోడ్లు. స్టూడియో, వాయిస్ యాక్టర్లు, రేటింగులు మీరు ఎక్కడో చూసే వచ్చుంటారు. వాటి మీద టైం పెట్టను.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మన లోకంలో ఒక ముసలి హంతకుడు. జీవితమంతా ఒక సంస్థ చేతిలో పనిముట్టుగా బతికాడు. ఇక రిటైర్ అయి కొత్తవాళ్ళకి నేర్పిద్దామనుకునేసరికి, ఆ సంస్థే విమానం కూల్చేసి చంపేస్తుంది. అప్పుడు ఒక దేవత కనిపించి, ఇంకో లోకంలో పుట్టిస్తాను, అక్కడ రాక్షసరాజుని చంపే వీరుడు తర్వాత లోకాన్నే నాశనం చేస్తాడు, ఆ వీరుణ్ణి నువ్వు చంపాలి అంటుంది. మనవాడు ఒప్పుకుంటాడు. ఆల్వాన్ రాజ్యంలో తూథా డే అనే బారన్ వంశంలో లూగ్ అనే పేరుతో పుడతాడు. పైకి ఆ వంశం వైద్యానికి పేరున్న వంశం. లోపల రాజ్యం కోసం రహస్యంగా హత్యలు చేసే వంశం.

ఇసెకాయ్‌లు, అంటే హీరో ఇంకో లోకంలోకి వెళ్ళే కథలు, ఈ ఛానెల్లో ఇంతకు ముందు చాలా రివ్యూ చేశాను. వాటిలో చాలావాటిలో తల్లిదండ్రులు మొదటి ఎపిసోడ్‌లో కనిపిస్తారు, హీరో పెద్దవాడయ్యాక ఎవరికీ గుర్తుండరు. ఇంట్లో అన్నం ఎవరు పెట్టారు, ఆస్తి ఎవరిది, ఈ పిల్లాడి మీద ఆ ఇంటికి ఏం ఆశ ఉంది, ఏదీ ఉండదు. ఇక్కడ అలా కాదు. నాకు ఈ సిరీస్ మీద ప్రేమ పుట్టింది ఒకే ఒక్క మనిషి వల్ల. లూగ్ తండ్రి కియాన్.

కియాన్ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. ఈయన కొడుక్కి శరీర శాస్త్రం నేర్పిస్తాడు, మందులు నేర్పిస్తాడు, ఆ చేత్తోనే చంపడం కూడా నేర్పిస్తాడు. ఆ ఇంట్లో ఈ రెండూ ఒకే చదువు. మనిషి ఎక్కడ కోస్తే బతుకుతాడో తెలిసినవాడికే ఎక్కడ కోస్తే పోతాడో తెలుస్తుంది. మామూలుగా ఇలాంటి తండ్రిని రాస్తే రాక్షసుడిలా రాస్తారు. ఈయన మెత్తగా మాట్లాడతాడు. కొడుకుని అడిగి చేస్తాడు. రాజ్యానికి కీడు చేసేవాళ్ళనే తప్ప ఇంకెవరినీ చంపకూడదు అనేది ఆ ఇంటి కట్టుబాటు. తల్లి ఎస్రీకి కొడుకంటే ప్రాణం. ఇంట్లో నవ్వులుంటాయి.

ఆ నవ్వుల మధ్యలోనే కళ్ళ ఆపరేషన్ సీన్ వస్తుంది. తూథా డే వాళ్ళకి మామూలు మనుషులకి లేని చూపు ఉంటుంది. అది పుట్టుకతో రాదు, ఆపరేషన్ చేసి తెప్పిస్తారు. చేసేది తండ్రే. ఆ సీన్ వచ్చినప్పుడు మా మామ్మ పక్కనే కూర్చుని ఉంది. సబ్‌టైటిల్స్ ఆవిడకి అక్కర్లేదు, బొమ్మ చూసి కనిపెట్టేసింది. "ఏటే, కన్న తండ్రే కళ్ళు కోసేస్తన్నాడా?" అంది. అవును మామ్మా, వాళ్ళ ఇంటి పద్ధతి అన్నాను. "ఇంటి పద్ధతి అంటే పిల్లాడు కాదనగలడేటి" అని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ అడిగిన ఆ ప్రశ్నే ఈ సిరీస్‌కి ప్రాణం అని నా నమ్మకం. పోయిన జన్మలో లూగ్‌ని సంస్థ వాడుకుంది. ఈ జన్మలో ఇల్లు వాడుకుంటోంది. తేడా ఏంటంటే ఈసారి ప్రేమగా వాడుకుంటోంది. పిల్లాడు ఇష్టపడే ఒప్పుకుంటున్నాడు. అది స్వేచ్ఛేనా? లూగ్ మాత్రం స్వేచ్ఛే అనుకుంటాడు, ఎందుకంటే పాత జన్మలో అతన్ని ఎవరూ ఏదీ అడగలేదు, ఈ తండ్రి అడిగాడు. ఆ ఒక్క తేడాతో అతను మనిషి అవుతున్నాడు. పూర్వజన్మ గుర్తుండటం అనే దాన్ని చాలా కథలు ఒక పవర్‌లాగా వాడతాయి. ఇక్కడ అది బాకీలాగా ఉంది. మనం రుణానుబంధం అంటాం చూడండి, అలా.

ఇప్పుడు రాచకుటుంబాల రాజకీయం. నాకు చిరాకు వచ్చింది ఇక్కడే. సిరీస్ పేరులోనే అరిస్టోక్రాట్ అని పెట్టుకున్నారు. బారన్ అంటే ఆ మెట్లలో కింది మెట్టు. పైన కౌంట్లు ఉంటారు, డ్యూకులు ఉంటారు, వాళ్ళ పైన రాజు. కింది మెట్టు మీద ఉన్న ఇంటి చేతిలో అందరి ప్రాణాలూ ఉన్నాయి. ఇంతకంటే మంచి రాజకీయం ఏం కావాలి? కానీ 12 ఎపిసోడ్లలో దర్బారు ఎంత కనిపించింది? వేళ్ళ మీద లెక్కపెట్టే సీన్లు. మొదటి ఎపిసోడ్‌లో చంపే పని చూపించేసి, వెనక్కి వెళ్ళి ట్రైనింగ్, ట్రైనింగ్, మళ్ళీ ట్రైనింగ్. మ్యాజిక్ ఫార్ములాలు, తుపాకులు, లోహాలు.

ఇంకో లోటు కూడా నాకు గట్టిగా తగిలింది. ఆ ఇంట్లో లూగ్‌కి పోటీ లేదు. సవతి అన్న లేడు, పినతండ్రి లేడు, దత్తత గొడవ లేదు. విజయనగరంలో పెరిగినవాళ్ళకి ఇది అసలు రాజ కుటుంబంలాగే అనిపించదు.

మన ఊరి కథే చూడండి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. మన విజయనగరం రాజు పూసపాటి పెద విజయరామరాజు గారు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి కోట మీదికి వెళ్ళారు. కోట పడిపోయింది, బొబ్బిలి రాజు రంగారావు గారు పోయారు. తర్వాత ఒక రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజు గారిని పొడిచి చంపాడు. అందరికీ తెలిసిన కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు రాజకీయం మొదలయ్యేది ఆ తర్వాతే. గద్దెకి ఆనందరాజు గారు వచ్చారు. ఆయన ఫ్రెంచి వాళ్ళని వదిలేసి ఇంగ్లీషు వాళ్ళతో చేతులు కలిపారు. 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్ళు ఓడిపోయారు. కొద్ది కాలానికే ఆయన కూడా వారసుడు లేకుండా పోయారు. అప్పుడు పెద విజయరామరాజు గారి రాణి ఒక చిన్న పిల్లాణ్ణి దత్తత చేసుకుని గద్దె ఎక్కించారు. ఆయనే చిన విజయరామరాజు. మరి పెత్తనం ఎవరిది? దివానుగా ఉన్న అన్న సీతారామరాజుది. రాజు ఒకరు, రాజ్యం నడిపేది ఇంకొకరు, ఇద్దరి మీదా పన్ను లెక్కలతో కూర్చున్నది ఇంగ్లీషు వాళ్ళ ఈస్టిండియా కంపెనీ. చివరికి 1794 జులైలో పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు గారు కంపెనీ సైన్యం చేతిలో చనిపోయారు.

ఒక్క కత్తిపోటు పడితే తర్వాత నలభై ఏళ్ళు ఆ ఇల్లు ఎలా ఊగిపోయిందో చూశారా? హత్య చేసినవాడి కథ ఒక రాత్రిలో అయిపోతుంది. హత్య జరిగిన ఇంటి కథ అవ్వదు. మన పైడితల్లి అమ్మవారి కథ కూడా అదే కదా. అన్న పెద విజయరామరాజు గారు చనిపోయారని తెలిసి ఆ చెల్లెలు పెద్దచెరువులో కలిసిపోయిందని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఇప్పటికీ దసరా తర్వాత మంగళవారం సిరిమాను మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా తిరుగుతోంది. చంపిన చెయ్యి గురించి సినిమాలు తీశాం, కానీ ఊరు ప్రతి ఏడూ మొక్కేది ఇంట్లో మిగిలిపోయిన ఆ ఆడపిల్లకి.

ఫైనెస్ట్ అసాసిన్‌లో నేను వెతికింది ఇదే. లూగ్ ఎవరినైనా చంపితే ఆ చచ్చినవాడి ఇంట్లో మర్నాడు ఏం జరుగుతుంది? గద్దె ఎవరికి పోయింది? పెళ్ళాం పిల్లలు ఎవరి పంచన చేరారు? సిరీస్ చూపించదు. బాణం వదిలాక తగిలిందా లేదా వరకే దాని ధ్యాస.

అయితే ఒక చోట మాత్రం దర్బారు లేకుండానే దర్బారు చూపించారు. మిల్టూ నగరం కథ. కియాన్ కొడుకుని ఒక వ్యాపారి ఇంటికి పంపిస్తాడు. బాలోర్ అనే పెద్ద వర్తకుడి కొడుకులాగా, ఇల్లిగ్ అనే దొంగ పేరుతో. హంతకుడికి ఒక రెండో ముఖం కావాలి కదా. అక్కడ లూగ్ ఏం చేస్తాడంటే, చర్మానికి రాసుకునే పాల లాంటి లోషన్ తయారుచేసి, నేచురల్ యూ అని బ్రాండు పెడతాడు. పెద్దింటి ఆడవాళ్ళు ఎగబడి కొంటారు.

కొందరు ఈ ఎపిసోడ్లు బోర్ అన్నారు, కత్తి లేదు, ఫైట్ లేదు అని. నేను గట్టిగా కాదంటాను. సిరీస్ మొత్తంలో తెలివైన ఎపిసోడ్లు ఇవే. మా మామ్మ చెప్పేది, పాతరోజుల్లో జమీందారు లోగిళ్ళలోకి గాజులమ్మే ఆవిడకి ఉన్న దారి పెద్ద పెద్ద ఉద్యోగస్తులకి కూడా ఉండేది కాదని. ఏ ఇంట్లో పెళ్ళి కుదిరింది, ఏ ఇంట్లో నగలు తాకట్టుకి వెళ్ళాయి, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ ఆవిడకి ముందే తెలుస్తాయి. లూగ్ చేసింది అదే. లోషన్ సీసా వెళ్ళిన ప్రతి ఇంటి నుంచి కబురు వెనక్కి వస్తుంది. ఆ వ్యాపారాన్ని తర్వాత నడిపేది మాహా అనే అమ్మాయి. ఆ పిల్ల లెక్కల పుస్తకం ముందు కూర్చుంటే నాకు ఏ కత్తి ఫైట్ చూసినా రాని ఉత్సాహం వచ్చింది.

మాహా పేరు వచ్చింది కాబట్టి ఇంకో కోపం కూడా చెప్పాలి. టార్ట్. ఆకలితో అడవిలో పడి ఉన్న ఈ అమ్మాయిని లూగ్ తెచ్చుకుంటాడు. తిండి పెడతాడు, ప్రేమగా చూస్తాడు, ఆ ప్రేమతోనే తన కోసం ప్రాణం ఇచ్చేలా తయారుచేస్తాడు. కావాలనే చేస్తున్నానని మనసులో తనే అనుకుంటాడు. పాత సంస్థ తనకి చేసింది ఇదే కదా! కథ ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లూగ్‌ని నిలదీయాలి. నిలదీయదు. పైగా కెమెరా ఆ అమ్మాయిని చూపించే తీరు నాకు అస్సలు నచ్చలేదు. హాల్లో ఇంట్లోవాళ్ళతో కూర్చుని చూడలేం. మా మామ్మ వెళ్ళిపోవడమే మంచిదైంది. దుస్తులు, యాంగిల్స్, ఆ పిల్ల భక్తిని అందంగా వాడుకోవడం, ఇవన్నీ తీసేసి ఆ టైం కియాన్‌కి ఇచ్చి ఉంటే ఈ సిరీస్ ఇంకో స్థాయిలో ఉండేది.

ఆఖరి ఎపిసోడ్లలో డియా కోసం వెళ్ళే భాగం బాగుంది. డియా అంటే లూగ్‌కి చిన్నప్పుడు మ్యాజిక్ నేర్పిన అమ్మాయి, పక్క రాజ్యంలో వికోన్ వంశం పిల్ల. అక్కడ తిరుగుబాటులో వాళ్ళ ఇల్లు ఓడిపోయే వైపు ఉంటుంది. ఇక్కడ చివరికి నాకు కావలసిన రాజకీయం దొరికింది. ఓడిపోయే ఇల్లు తన కూతుర్ని ఎలా దాటిస్తుంది? చచ్చిపోయిందని లోకాన్ని నమ్మించి, వేరే ఇంటి పేరు ఇచ్చి. బొబ్బిలి కోట కూలిపోతున్నప్పుడు రంగారావు గారి పసివాణ్ణి దాటించిన సంగతి నాకు వెంటనే గుర్తొచ్చింది. ఫైట్ భారీగా ఉంది, సరే. నాకు మాత్రం ఫైట్ కంటే ఆ ఏర్పాటు మీదే మనసు ఉండిపోయింది.

పుస్తకాల గురించి రెండు ముక్కలు. నవల్లో లూగ్ ఆలోచనలు లోపలి నుంచి వినిపిస్తాయి కాబట్టి టార్ట్ విషయం ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. తండ్రి కొడుకుల మాటలు మాత్రం హాయిగా, నింపాదిగా సాగుతాయి. ఇంగ్లీషు సులభంగానే ఉంది, ఇంటర్ చదివే పిల్లలు కూడా చదివేయగలరు. మాంగా బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి, కానీ కొనమని నేను చెప్పను, యానిమే చూస్తే చాలు.

మరి చూడాలా వద్దా? చూడండి. లోపాలు లెక్కపెడితే మార్కులు తక్కువే వస్తాయి, నాకు తెలుసు. కానీ కియాన్ లాంటి తండ్రిని నేను ఈ జానర్‌లో ఇంకెక్కడా చూడలేదు, ఆ ఒక్కడి కోసం నేను దీన్ని వెనకేసుకొస్తాను. నవల రెండో వాల్యూమ్ నా డబ్బుతోనే ఆర్డర్ పెట్టాను. ఇంట్లో పిల్లలుంటే మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకండి.

ఒక్కటే రిక్వెస్ట్. మొదటి ఎపిసోడ్ చూసి ఇది మామూలు యాక్షన్ సిరీస్ అనుకుని ఆపేయకండి. కళ్ళ ఆపరేషన్ సీన్ దాకా వెళ్ళండి. ఆ తండ్రి మొహం చూశాక కూడా మీకు ఏమీ అనిపించకపోతే, అక్కడ ఆపేయండి, ఇది మీ సిరీస్ కాదు.