టార్నీట్‌లో మా పెరటి డెక్: ఏ చెక్క, ఎందుకు, ఎలా?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. పెరట్లో డెక్, అంటే నేలకి కాస్త ఎత్తులో చెక్క పలకల అరుగు, వేస్తున్నామని తెలిసిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న, "ఏం చెక్క?" అని. మా మామయ్య గారైతే తెనాలి నుంచి వచ్చీ రాగానే "టేకు దొరకదామ్మా ఇక్కడ?" అన్నారు. దొరకకేం, ధర వింటే మళ్ళీ అడగరు. నన్నడిగితే మాత్రం చెక్క రెండో సంగతి. పడ్డ వాన ఎటు పోతుంది, అడుగున గాలి ఆడుతుందా, ఇది మొదటి సంగతి. అది తేల్చుకోకుండా టేకు వేసినా పుచ్చిపోతుంది.

ముందు మట్టి చూడండి. మెల్‌బోర్న్‌కి పడమట ఉన్న మా వైపంతా పాత అగ్నిపర్వతాల లావా నేల. పైన నల్లబంక మట్టి, కొంచెం తవ్వితే రాయి. చలికాలం ఉబ్బుతుంది, వేసవిలో బీటలు వారుతుంది. మామయ్య గారు ఒక ముద్ద చేతిలోకి తీసుకుని నలిపి, "ఇది మన రేగడే కదమ్మా" అనేశారు. కదిలే నేల కాబట్టి స్తంభాలు పైపైన పాతితే రెండేళ్ళలో డెక్ ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకే గుంటలు లోతుగా తీసి కాంక్రీట్ పోశాం. తవ్వే ముందు గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో 'బిఫోర్ యూ డిగ్' వెబ్‌సైట్‌లో అడగండి, ఉచితమే. పర్మిట్ కావాలా వద్దా అన్నది మాత్రం పక్కింటివాళ్ళని కాదు, బిల్డింగ్ సర్వేయర్‌ని అడగాలి.

ఇక చెక్కలు. అన్నిటికన్నా చవక ట్రీటెడ్ పైన్, అదే పుచ్చకుండా, చెదలు పట్టకుండా మందు పట్టించిన పైన్ చెక్క. దాని మీద హెచ్3, హెచ్4 అని ముద్ర ఉంటుంది. నేలకి తగలకుండా పైన ఉండేదానికి హెచ్3 చాలు, నేలలో పాతేదానికి హెచ్4 గానీ ఆ పైది గానీ కావాలి. మేం పాతినవి హెచ్5. ఆర్సెనిక్ కలిసిన పాత రకం మందుని డెక్ పలకలకి వాడకుండా 2006లోనే ఆపేశారు. అయినా సరే, మిగిలిన ముక్కలు భోగి మంటలో వేద్దామనుకోకండి. మందు పట్టించిన చెక్క పొగా మంచిది కాదు, బూడిదా మంచిది కాదు. పైగా జనవరి అంటే ఇక్కడ మండు వేసవి, పెరట్లో మంట పెడితే భోగి కాస్తా ఫైర్ ఇంజన్‌తో ముగుస్తుంది.

కింద అస్థిపంజరం మొత్తం ట్రీటెడ్ పైన్‌తోనే వేశాం. పైన కనపడే పలకలకి మెర్బావా, స్పాటెడ్ గమ్మా అని ఇంట్లో పెద్ద చర్చ. స్పాటెడ్ గమ్ న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌ల్యాండ్ చెట్టు. గట్టిది, రంగులో లేత గోధుమ నుంచి ముదురు చాక్లెట్ దాకా ఒకే కట్టలో తేడాలుంటాయి. నాకదే నచ్చింది. బడ్జెట్‌కి మెర్బావ్ నచ్చింది. ఇది ఇండోనేషియా, మలేషియా, పాపువా న్యూగినీ వైపు నుంచి వస్తుంది, క్విలా అని కూడా అంటారు. అక్కడి అడవుల్లో దొంగనరుకుడు గొడవ చాలా కాలంగా ఉంది కాబట్టి అడవిని పద్ధతి ప్రకారం నరికిన చెక్కే అని చెప్పే ఎఫ్‌ఎస్‌సీ గానీ పీఈఎఫ్‌సీ గానీ సర్టిఫికెట్ ఉందో లేదో అడిగి కొనండి.

మెర్బావ్ పలకని దగ్గరగా చూపిస్తాను, కెమెరా ఇటు తిప్పండి. ఎర్రటి చెక్క మీద పసుపు చుక్కలు కనిపిస్తున్నాయా? అది బూజు కాదు, చెక్క రంధ్రాల్లోనే ఉండే పదార్థం. దీనికి ఇంకో గుణం ఉంది. కొత్తలో వాన పడితే ఎర్రటి రసం దిగుతుంది, తాంబూలం ఉమ్మినట్టు. పక్కన తెల్ల కాంక్రీటో టైల్సో ఉంటే మరకే మరక. అందుకని పలకలు బిగించక ముందే గడ్డి మీద ఆరుబయట పేర్చి, హోస్ పైపుతో తడిపి ఆరబెడుతూ ఆ రసం కారనిచ్చాం. ఇంకా పడ్డ మరకలు ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న డెక్ క్లీనర్‌తో పోతాయి, గ్లవ్స్ వేసుకుని చేయాలి.

బిగించే పని మా ఆయనా, ఆయన స్నేహితుడూ చేశారు. మా డెక్ 4 మీటర్లు బై 3 మీటర్లు. అడుగు దూలాలు 450 మిల్లీమీటర్లకి ఒకటి, మొత్తం 10. పలక వెడల్పు 90 మిల్లీమీటర్లు, మందం 19. వరసలు 32. ప్రతి దూలం మీదా రెండేసి స్క్రూలు, అంటే 640! ప్రతిదానికీ ముందు డ్రిల్‌తో రంధ్రం చేయాలి, లేకపోతే చివర్లలో చెక్క చీలుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలే కొనండి, మామూలు ఇనుము అయితే మెర్బావ్ రసంతో కలిసి నల్లటి మచ్చలు పెడుతుంది. పలకకీ పలకకీ మధ్య 4 మిల్లీమీటర్ల సందు. మామయ్య గారు రసమట్టం పట్టుకుని, దారం కట్టి, వరస వంకర పోతున్న ప్రతిచోటా "ఆగండాగండి" అంటూనే ఉన్నారు. మేస్త్రీ పోస్టు ఆయనదే.

చాలామంది చూడని చోటు ఒకటుంది. ఇటుక గోడ అడుగు వరసలో నిలువుగా చిన్న చిన్న ఖాళీలుంటాయి, వీప్ హోల్స్ అంటారు. గోడ లోపలికి చేరిన తడి అక్కడి నుంచే బయటికి పోవాలి. డెక్ వాటిని కప్పేయకూడదు, వాటికంటే కిందే ఉండాలి. చెదలు చూడటానికి వచ్చేవాళ్ళకి కూడా గోడ అడుగు కనపడాలి. ఇంకో అంగుళం పైకి లేపితే గుమ్మంతో సమానంగా బాగుంటుందని మా ఆయన సరదా. నేను ఒప్పుకోలేదు.

చెక్కని తడి నుంచి కాపాడే డెక్ ఆయిల్ ఇంకా పూర్తిగా వేయలేదు. పలకల కింది వైపు మాత్రం బిగించక ముందే ఒక కోటు వేశాం, తర్వాత చేయి దూరదు కదా. పైన రసం కారడం ఆగాక, బాగా కడిగి ఆరబెట్టి వేస్తాం. మళ్ళీ ఎప్పుడు వేయాలో తెలుసుకోవడం తేలికే. చెక్క మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. నిలబడితే ఆయిల్ ఉన్నట్టు, ఇంకిపోతే టైమ్ అయినట్టు. ఒక్క జాగ్రత్త, ఆయిల్ తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి చెత్త డబ్బాలో పడేయొద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, బయట విడివిడిగా పరిచి, పూర్తిగా ఎండాకే పడేయండి.