నిర్మూలన అనే మాట ఎక్కడ చెల్లుతుంది?

సభకు నమస్కారం. ఈ సాయంత్రం కావలిలో మీ ముందు నేను మాట్లాడదలచుకున్నది ఒక అలవాటునో, వ్యవస్థనో, రోగాన్నో పూర్తిగా లేకుండా చేయడాన్ని చెప్పేందుకు తెలుగులో మనకున్న మాటల గురించి. నిర్మూలన, నిషేధం, రద్దు, నివారణ, ఎత్తివేత అనే మాటలను ప్రభుత్వ ప్రకటనల్లోను, పత్రికల్లోను, గోడల మీద రాతల్లోను ఒకదాని బదులు ఇంకొకటిగా వాడేస్తున్నాము. నిజానికి ఎంత పని జరిగిందో, ఎంత మిగిలిందో ఒక్కో మాట ఒక్కో విధంగా చెబుతుంది. అది తారుమారైతే నష్టపోయేది భాష ఒక్కటే కాదు, మనుషులు కూడా.

నిర్మూలనలో మూలం ఉంది. వేరు మిగలకూడదన్నది ఆ మాట పెట్టే షరతు. అది ఎంత కఠినమైన షరతో ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట చేలున్న రైతులకు సర్కారు తుమ్మ బాగా నేర్పింది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వంటచెరకు కోసం నాటించారు. దాన్ని నేలమట్టానికి నరికితే మోడు మొదట్లోని మొగ్గల నుంచి మళ్లీ గుబురుగా లేస్తుంది. భూమి లోపలికంటా తవ్వి మొదలును తీస్తేగాని ఆ చెట్టు చావదు. అంతటితోనూ పని పూర్తి కాదు. దాని తియ్యని కాయలు తిన్న గొడ్లు, మేకలు పేడతో, పెంటికలతో గింజలను చేనంతా చల్లుతాయి, ఆ గింజలు ఏళ్ల తరబడి నేలలో ప్రాణంతో ఉంటాయి. నరకడం ఒక పని, పెకలించడం ఇంకొక పని, విత్తనానికి కూడా మిగలకుండా చేయడం మరొక పని. రైతు ఈ మూడింటినీ ఎన్నడూ కలగలిపి మాట్లాడడు.

మన క్రియల్లోనూ ఈ వివేకం ఉంది. తీశాడు అనడానికీ తీసేశాడు అనడానికీ, మానాడు అనడానికీ మానేశాడు అనడానికీ ఉన్న తేడాను పసిపిల్లలు సైతం పట్టుకుంటారు. పక్కన చేరిన ఆ 'వేయు' ఇక వెనక్కి రాదన్న నిశ్చయాన్ని తెస్తుంది.

ఇక నిషేధం. అది ఆజ్ఞ మాత్రమే. ఉన్నదాన్ని ఉండకూడదని చెబుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. ఈ సంగతి నెల్లూరు జిల్లాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 1992లో దూబగుంట రోశమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్లు, అక్షరాస్యతా తరగతుల్లో కూర్చుని తమ బతుకుల గురించి మాట్లాడుకున్న తల్లులు ఊరూరా సారా అంగళ్లకు అడ్డం నిలిచారు. 1993 ఏప్రిల్‌లో ఈ జిల్లాలోను, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలైంది. 1997లో మద్యంపై నిషేధాన్ని ఎత్తేశారు, సారా మీద మాత్రం ఉంచారు. ఇక్కడ ఎత్తేయడం అనే మాటను గమనించండి. అంగడి ఎత్తేశారంటే అంగడి పోయినట్టు, నిషేధం ఎత్తేశారంటే అంగడి తిరిగి వచ్చినట్టు. ఆ తల్లులు కోరింది మొదటి ఎత్తివేత, కొన్నేళ్లకు వారికి దక్కింది రెండోది. వారి పోరాటాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు గర్వమూ బాధా కలిసే వస్తాయి.

రద్దు అనేది కాగితం మీది హక్కుకు సంబంధించినది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో వెంకటగిరి వంటి జమీందారీలు పోయాయి. అక్కడ ఆ మాట అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే జమీందారీకి ప్రాణం చట్టంలోనే ఉంది. అంటరానితనం అలాంటిది కాదు. రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసి అంతటితో ఊరుకోక, ఏ రూపంలోనూ పాటించరాదని నిషేధించింది కూడా. రాసినవారు ఎంత జాగ్రత్తపడ్డారో చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది రోగాల విషయంలో మన మాట తీరు. నిర్మూలన అని నిండుగా అనదగిన మనుషుల రోగం ఒక్క మశూచి మాత్రమే. ప్రపంచం నుంచి అది పోయిందని 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ప్రకటించింది. పశువుల్లో ముసర వ్యాధికి (రిండర్‌పెస్ట్) 2011లో ఆ ప్రకటన దక్కింది. తాగే నీటితో ఒంట్లో చేరే పురుగు వల్ల వచ్చే నారికురుపు 2000 నాటికి మన దేశం నుంచి పోయింది గాని ఆఫ్రికాలో కొన్ని చోట్ల మిగిలి ఉంది కనుక, దాని విషయంలో ఎక్కడి నుంచి పోయిందో కూడా చెప్పాలి. కుష్ఠు సంగతి వేరు. 1983 నుంచి దాని మీద నడుస్తున్న జాతీయ కార్యక్రమం పేరులోనే నిర్మూలన ఉంది. 2005 డిసెంబర్‌లో దేశం అందుకున్న లక్ష్యం పదివేల మందిలో ఒకరికన్నా తక్కువ రోగులుండటం. అది ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి దిగిపోవడమే తప్ప రోగం లేకుండా పోవడం కాదు. ఇప్పటికీ ఏటా లక్షకు అటూ ఇటూగా కొత్త కేసులు మన దేశంలో బయటపడుతున్నాయి, ప్రపంచం మొత్తంలో సగానికి పైగా ఇక్కడివే.

కుష్ఠును నిర్మూలించామన్న మాట గోడ మీద చదివిన మనిషికి వీపు మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ఏమనుకుంటాడు? ఆ రోగం ఇప్పుడు లేదు కదా, ఇది ఇంకేదో తామర అనుకుని ఊరుకుంటాడు. ఆరు నెలలో, ఏడాదో ఉచితంగా ఇచ్చే మందులతో నయం కావలసిన జబ్బు ఆలస్యం వల్ల నరాలను తినేసి వేళ్లు వంకర పోయేదాకా వెళుతుంది. అందుకే ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులను, విలేకరులను, సచివాలయ ఉద్యోగులను నేను వేడుకుంటున్నాను. కుష్ఠు గురించి రాసేటప్పుడు "తగ్గింది, ఇంకా ఉంది" అని రాయండి. గోడ మీద చోటు తక్కువైతే నిర్మూలన అనే మాటను తీసేసి, ఆ చోట "స్పర్శ లేని మచ్చ ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి, మందులు ఉచితం" అని రాయించండి.