నిటారుగా లేచిన పొగ

ముందు ఈ బొమ్మలో ఆ పొగ ఒక్కటే చూడండి. మిగతాది తర్వాత. నెగడు దాదాపు ఆరిపోయింది. దాని మీంచి సన్నటి పొగ దారం పట్టి లాగినట్టు నిటారుగా పైకి పోతోంది, ఎక్కడా వంకర లేదు. అంటే ఎడారిలో గాలి పూర్తిగా పడిపోయిన వేళ. నిశ్శబ్దాన్ని ఎలా గీస్తారని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క గీత చూపిస్తాను.

బొమ్మ పేరు 'ఐగుప్తుకు పారిపోతూ దారిలో విశ్రాంతి'. ఐగుప్తు అంటే ఈజిప్టే. ఫ్రెంచ్ చిత్రకారుడు ల్యూక్ ఒలివియే మెర్సన్ 1879లో వేశాడు. ఇప్పుడు బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది.

కథ మీలో చాలామందికి తెలిసిందే. హేరోదు రాజు పసిబిడ్డ యేసును చంపాలని చూస్తున్నాడని దేవదూత కలలో చెబితే, యోసేపు తన భార్య మరియనూ బిడ్డనూ తీసుకుని రాత్రికి రాత్రే బయల్దేరాడు. బైబిల్లోని మత్తయి సువార్తలో ఆ ప్రయాణం ఒకట్రెండు వాక్యాల్లో అయిపోతుంది. దారిలో ఎక్కడ పడుకున్నారో ఒక్క ముక్క ఉండదు. అందుకే చిత్రకారులు తరతరాలుగా తమకు నచ్చిన చోట పడుకోబెట్టారు, ఎక్కువగా ఏ చెట్టు నీడనో.

మెర్సన్ చెట్టు పెట్టలేదు. కాస్త జూమ్ చేస్తాను... ఇదిగో, స్ఫింక్స్ ముందుకాళ్ల మధ్య! అదే, సింహం ఒంటికి మనిషి తల ఉన్న ఈజిప్టు రాతి విగ్రహం. మరియ ఆ రాతికి ఒరిగి నిద్రపోతోంది, ఒళ్లో బిడ్డ. అక్కడ కనిపించే వెలుగు చంద్రుడిది కాదు, నెగడుదీ కాదు. బిడ్డది.

నిజానికి ఇదంతా కల్పనే. గిజాలోని స్ఫింక్స్ పొడవు 73 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు. దాని పాదాల దగ్గర మనిషి చీమలా ఉంటాడు. పైగా 19వ శతాబ్దపు ఫోటోలు చాలావాటిలో అది భుజాల దాకా ఇసుకలోనే ఉంటుంది. మెర్సన్ దాన్ని చిన్నది చేసి, ఇసుక తీసేసి, ముఖాన్ని చుక్కల వైపు తిప్పాడు. బిడ్డకు ఊయల కావాలి మరి.

మిగతా కాన్వాస్ అంతా ఇసుక, ఆకాశం. ఇంత ఖాళీ వదిలిన ఈ మనిషే తర్వాత ఫ్రాన్స్ తపాలా బిళ్లలకూ కరెన్సీ నోట్లకూ డిజైన్లు వేశాడు. ఆ నోట్ల మీద వేలు పెట్టేంత చోటు ఉండదు!

యోసేపును చూశారా? ఆయనకు ఊయలా లేదు, వెలుగూ లేదు. నెగడు పక్కన ఉత్త ఇసుక మీద ఒళ్లు మరిచి పడుకున్నాడు. గాడిద మాత్రం మేలుకునే ఉంది. అంత ఎడారిలో దానికి నాలుగు గడ్డిపరకలు దొరికాయి.