రేడియేటర్ వేడెక్కడం లేదా? కీ తిప్పే ముందు ఒకసారి చెయ్యి పెట్టి చూడండి

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. బొటనవేలంత ఇత్తడి కీ. బాయిలర్ నుంచి వచ్చే వేడి నీళ్లతో గదిని వెచ్చబరిచే రేడియేటర్‌ను బ్లీడ్ చేయడానికి, అంటే లోపల చేరిన గాలిని బయటికి వదలడానికి వాడేది. రేడియేటర్ వేడెక్కట్లేదని ఎవరికి చెప్పినా మొదట వచ్చే సలహా ఇదే: "గాలి పట్టి ఉంటుంది, కీ పెట్టి తిప్పు." ఈరోజు రివ్యూ ఈ కీ మీదే. ముందే చెప్పేస్తున్నా, వస్తువు మంచిదే. నా పేచీ అంతా ఆ సలహాతో.

మా పడకగదిలో రేడియేటర్ వారం రోజులు మంచుగడ్డలా ఉంది. మిగతా గదుల్లోవి మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి. నేనూ అందరిలాగే కీ పెట్టి తిప్పాను. సుయ్‌మని గాలి వస్తుందని చెవి దగ్గర పెట్టి విన్నాను. గాలి రాలేదు, నల్లటి నీళ్లు చిమ్మి గోడంతా మరకలు. మర్నాడు మళ్లీ తిప్పాను. ఆ తర్వాతి రోజు మళ్లీ. పట్టు వదలని విక్రమార్కుడిలా అన్నమాట. వెంటనే నీళ్లు వచ్చాయంటే పైన గాలి లేదనే కదా అర్థం! అది నా బుర్రకు తట్టడానికి మూడు రోజులు పట్టింది.

అందుకే ముందు హీటింగ్ ఆన్ చేసి, అరగంట ఆగి, రేడియేటర్ మీద అక్కడక్కడా చెయ్యి ఆనించి చూడండి. కాలుతుంది, మెల్లగా. కింద వేడిగా, పైన చల్లగా ఉంటే గాలి. అది పైకి చేరి, వేడి నీళ్లను అక్కడిదాకా రానివ్వదు. పైన వేడిగా ఉండి కింద, ముఖ్యంగా మధ్యలో చల్లగా ఉంటే బురద, అంటే అడుగున పేరుకున్న తుప్పు మడ్డి. మొత్తం చల్లగా ఉంటే అసలు వేడి నీళ్లే లోపలికి రావట్లేదు, వాల్వ్ చూడాలి. ఇంట్లో అన్నీ చల్లగానే ఉన్నాయా? అయితే ఈ రేడియేటర్‌ను ఏమీ అనకండి. తేడా బాయిలర్‌లోనో, పంపులోనో, థర్మోస్టాట్‌లోనో ఉంటుంది.

గాలి అని తేలితే మాత్రం ఈ కీకి తిరుగులేదు. చాలా రేడియేటర్లకు 5 మిల్లీమీటర్ల చదరపు మొన సరిపోతుంది. కొన్నింటికి మామూలు స్క్రూడ్రైవర్ చాలు. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారాక, కింద గుడ్డ పట్టుకుని కీని ఎడమవైపు పావు తిప్పు తిప్పండి. అంతకంటే ఎక్కువ వద్దు, స్క్రూ ఊడి చేతిలోకొస్తే నీళ్లు ఆపడం మీ తరం కాదు. గాలి పోయి నీటి చుక్క కనబడగానే బిగించేయండి. తర్వాత బాయిలర్ మీద నీటి ఒత్తిడి చూపించే గేజ్ చూడండి. సాధారణంగా సీల్డ్ సిస్టమ్ (పైన తొట్టి లేకుండా, నీళ్లు ఒత్తిడితో మూసి ఉండే రకం) అయితే చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తగ్గితే మాన్యువల్ చూసి నీళ్లు నింపుకోవాలి. నింపినా మళ్లీ మళ్లీ పడిపోతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

ఇంకో సంగతి. నెలకోసారి బ్లీడ్ చేయాల్సి వస్తుంటే అది మామూలు గాలి కాకపోవచ్చు. లోపల ఇనుము తుప్పు పడుతూ హైడ్రోజన్ వదులుతుంది. అది మండే వాయువు, కాబట్టి ఆ పక్కన లైటర్ వెలిగించకండి.

ఇక మా ఇంటి దొంగ దగ్గరికి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నా. పక్కన నంబర్లు ఉన్న ఈ గుండ్రటి తల, థర్మోస్టాటిక్ వాల్వ్. దీని లోపలి మైనమో ద్రవమో గది వేడికి ఉబ్బి ఒక పిన్నును కిందికి నొక్కుతుంది, నీటి దారి మూసుకుంటుంది. గది చల్లబడితే స్ప్రింగ్ ఆ పిన్నును పైకి తోస్తుంది. వేసవంతా వాల్వ్ మూసి ఉంచితే నెలల తరబడి కిందే ఉన్న పిన్ను అక్కడే పట్టేస్తుంది. తల మీద 5 పెట్టినా లోపల తలుపు మూసే ఉంటుంది!

పెద్ద నంబర్ మీద పెట్టి, ఈ రింగు విప్పితే తల ఊడొస్తుంది. నీళ్లు రావు, భయపడకండి. ఇదిగో పిన్ను. నాణెంతో నొక్కితే దిగి, వదలగానే పైకి రావాలి. మాది కదల్లేదు. వాల్వ్ పక్కన స్పానర్ పిడితో మెల్లగా తట్టాను, ఓ చుక్క లూబ్రికెంట్ వేశాను, నొక్కుతూ వదులుతూ ఐదు నిమిషాలు. టక్కుమని లేచింది. పైపులో నీళ్లు పరుగెత్తే చప్పుడు వినబడింది చూడండి, ఆ ఆనందం వేరు. పట్టకారుతో మాత్రం పైకి లాగొద్దు. పిన్ను ఊడొస్తే నీళ్లు చిమ్ముతాయి.

పిన్ను బాగానే ఆడుతుంటే రెండో చివర, ప్లాస్టిక్ మూత కింద ఉన్న లాక్‌షీల్డ్ వాల్వ్ చూడండి. ఎవరైనా మూసి మర్చిపోయి ఉండొచ్చు. తిప్పేటప్పుడు ఎన్ని తిప్పులో లెక్క రాసుకోండి, అన్ని గదులకూ నీళ్లు సమంగా పంచేది అదే.

బురద అయితే ఈ కీతో ఏమీ కాదు. రేడియేటర్ విప్పి కడగాలి, లేదా సిస్టమ్ మొత్తం ఫ్లష్ చేయించాలి, అంటే నీళ్లు పారించి కడిగించాలి. నేనైతే ప్లంబర్‌నే పిలుస్తాను. బాయిలర్ మూత కూడా నేను ముట్టుకోను.

మార్కులా? గాలికి ఈ కీ పదికి పది. అన్నిటికీ ఇదే మందు అనే సలహాకు పదికి మూడు, అదీ దయతలిచి. పడకగది ఇప్పుడు వెచ్చగా ఉంది. గోడ మీద నల్ల మరకలు మాత్రం అలాగే ఉన్నాయి, ఆదివారం రంగు వేయాలి.