దానిమ్మ గ్లేజ్ చికెన్ రివ్యూ: అనంతపురం పండ్లతో తీపి కోడి కుదురుతుందా?

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ హోటల్‌ది కాదు, ఒక వంటది. పండ్ల రసాన్ని ఆకులతో, కాస్త కారంతో చిక్కగా కాచి, వేగిన కోడి ముక్కల మీద పూస్తారు చూడండి, ఆ గ్లేజ్ చికెన్. బయటి దేశాల వంట వీడియోల్లో దీన్ని ఆప్రికాట్ జామ్‌తోనో, ఆరెంజ్ మార్మలేడ్‌తోనో చేస్తారు. అందులో రోజ్‌మేరీ, థైమ్ అనే ఆకులు వేస్తారు. ముక్క అద్దంలా మెరుస్తూ ఉంటుంది, చూస్తే నోరూరుతుంది. సరే, మన మార్కెట్లో దొరికే వాటితో చేస్తే ఎలా ఉంటుంది?

తీర్పు ముందే చెప్పేస్తాను, చివరిదాకా కూర్చోబెట్టను. దానిమ్మతో చేస్తే అదిరిపోయింది. చీనీతో, అదే బత్తాయితో చేస్తే చేదు. మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్‌తో చేస్తే పిల్లలు ఇష్టంగా తిన్నారు, పెద్దవాళ్ళు రెండో ముక్క అడగలేదు. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు. వండాలనుకున్నవాళ్ళు మాత్రం ఉండండి, అసలు విషయం ముందుంది.

మొదట ఒక అభ్యంతరం. ఈ వీడియోకి కామెంట్ పెట్టబోయేవాళ్ళలో సగం మంది మనసులో ఉన్నదే మా అమ్మ వంటింట్లోకి వచ్చి అనేసింది. "ఏందిరా, కోడికి పండ్ల రసం పోస్తాండావు? పాయసం చేస్తాండావా?" అని. కానీ మన సీమలో ఓళిగ, అదే బొబ్బట్టు, తుంచి కోడికూరలో అద్దుకుని తినే ఇళ్ళు ఎన్ని లేవు! తీపికి, కోడి కారానికి పొత్తు కుదురుతుందని మనకి ఎప్పుడో తెలుసు. కాకపోతే మనం తీపిని పక్కన పెట్టుకుని ఎవరికి కావాల్సినంత వాళ్ళు కలుపుకుంటాం. గ్లేజ్‌లో ఆ పాళ్ళు వంటమనిషి ముందే నిర్ణయిస్తాడు. అందుకే తప్పిందంటే మొత్తం వంట తప్పుతుంది.

ఇప్పుడు జామ్ సంగతి త్వరగా ముగిద్దాం. జామ్‌తో పని సులువు, ఎందుకంటే అది ముందే చిక్కబడి ఉంటుంది. మన దేశంలో జామ్ అని అమ్మాలంటే అందులో కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలని నిబంధన. అందులో ఎక్కువ భాగం చక్కెరే. రెండు స్పూన్ల జామ్‌లో నిమ్మరసం, మిరియాల పొడి, వెల్లుల్లి కలిపి వేడి చేస్తే రెండు నిమిషాల్లో గ్లేజ్ తయారు. మెరుపు కూడా బాగా వస్తుంది. కానీ రుచిలో పండు లేదు. నాలుక మీద చక్కెర ఒక్కటే నిలుస్తుంది. పిల్లల పుట్టినరోజుకి సరే. నా దగ్గర దానికి 10కి 5 మార్కులు.

చీనీ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అనంతపురంలో ఉంటూ చీనీతో చేయకపోతే ఊరి జనం ఒప్పుకోరు. మన మార్కెట్ యార్డులో రాశులు పోసి వేలం వేసే కాయ అది, ఎక్కువగా సాత్‌గుడి రకం. తాగడానికి దాన్ని మించింది లేదు. గ్లేజ్‌కి మాత్రం రెండు ఇబ్బందులున్నాయి.

ఒకటి, చీనీ రసంలో నీళ్ళెక్కువ. తీపి, పులుపు అన్నీ కలిపి ఘనపదార్థం సుమారు 10 శాతమే. అది పూత పట్టేంత చిక్కబడాలంటే అర లీటరు రసం ఇంతే ఇంత, వంద మిల్లీలీటర్ల లోపుకి రావాలి. అంటే చాలాసేపు మరగాలి. రెండోది ఆ మరగడంలోనే ఉంది. చీనీ గింజలోనూ, తొనల మీద తెల్ల పొరలోనూ ఒక పదార్థం ఉంటుంది. మామూలుగా అది చేదుగా ఉండదు. రసం తీసినప్పుడు పులుపుతో కలిసి, మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. జ్యూస్ షాపులో తీసిన చీనీ రసాన్ని ఇంటికి తెచ్చి సాయంత్రం తాగితే చేదెక్కి ఉంటుంది కదా, అదే ఇది. వేడి తగిలితే ఆ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. పైగా నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఆ చేదు కూడా చిక్కబడుతుంది. బెల్లం ఎంత వేసినా అడుగున అలాగే ఉంటుంది.

మరి ఫ్రెంచి వాళ్ళు బాతు మాంసాన్ని నారింజ రసంతో వండుతారు కదా అంటారేమో. ఆ వంటకి పాతకాలం నుంచీ వాడేది పుల్లటి, చేదు నారింజ. అందులో పులుపు గట్టిగా ఉంటుంది, చేదు కూడా కావాలనే ఉంచుతారు. మన చీనీలో అంత పులుపు లేదు, అందుకని వట్టి చేదు మిగులుతుంది. చీనీని పూర్తిగా వదిలేయమని మాత్రం చెప్పను. పైతొక్కలో ఆ పచ్చటి పొరను మాత్రం సన్నగా తురిమి, పొయ్యి ఆపాక గ్లేజ్‌లో వేయండి. తెల్ల భాగం తగలకూడదు. వాసన చాలా బాగుంటుంది. చీనీ ఉద్యోగం అంతవరకే.

ఇక దానిమ్మ. ఇదిగో, గిన్నె దగ్గరగా చూపిస్తాను, రంగు చూడండి. మన జిల్లాలో ఎక్కువగా దొరికే ఎర్ర గింజల భగవా రకం ఇది. దీని రసంలో ఘనపదార్థం సుమారు 15 శాతం దాకా ఉంటుంది. చీనీ కంటే త్వరగా చిక్కబడుతుంది, ఆ చేదు గొడవ లేదు. పైగా కొద్దిగా వగరు ఉంటుంది. ఆ వగరే ఈ వంటని కాపాడింది అంటాను నేను. కోడి తోలులోని కొవ్వు నోట్లో పేరుకోకుండా ఆ వగరు కోసేస్తుంది, తీపి కూడా వెగటు అనిపించదు. ఇరాన్‌లో దానిమ్మ రసాన్ని చిక్కగా కాచి, అక్రోట్ పొడితో కోడినో బాతునో వండుతారు, ఫెసెంజాన్ అంటారు. అక్కడ తరాలుగా వస్తున్న వంట అది. అంటే దానిమ్మ, కోడి జోడీ నేను కనిపెట్టింది కాదు.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. అర లీటరు రసానికి నాలుగైదు పెద్ద కాయలు పడతాయి. సీజన్ కానప్పుడు కోడి కన్నా గ్లేజే ఎక్కువ ఖర్చు అవుతుంది. అందుకని ఒక చిట్కా. పైన పగుళ్ళున్న కాయలు, తొక్క మీద మచ్చలున్న కాయలు బండ్ల మీద పక్కన పోసి తక్కువకి అమ్ముతారు. నీళ్ళు ఒకసారి తక్కువై, ఒకసారి ఎక్కువైతే దానిమ్మ పగులుతుంది, మచ్చ తెగులు వస్తే తొక్క పాడవుతుంది. పాపం రైతుకి రేటు పడిపోతుంది గానీ, లోపల గింజ గట్టిగా, ఎర్రగా ఉంటే మన రసానికి ఏ లోటూ లేదు. పగులు దగ్గర బూజు కనిపిస్తే మాత్రం ఆ కాయ వద్దు.

రసం తీయడంలో ఒక జాగ్రత్త. మిక్సీలో గింజలు వేసి ఒక్క సెకను అలా అని ఆపండి, మళ్ళీ ఒక్క సెకను. లోపలి తెల్ల విత్తనం నలిగిందంటే రసం గరుగ్గా, మరీ వగరుగా తయారవుతుంది. పలుచటి బట్టలో వడకట్టండి. కాచడానికి స్టీలు గిన్నె వాడండి, ఇనుప బాండ్లి వద్దు. దానిమ్మ వగరు ఇనుముతో కలిస్తే రసం నల్లబడి, లోహం రుచి వస్తుంది.

అర లీటరు రసం, నిమ్మకాయంత బెల్లం, ఉసిరికాయంత చింతపండు నానబెట్టి తీసిన గుజ్జు, దంచిన వెల్లుల్లి ఆరేడు రెబ్బలు, అల్లం చిన్న ముక్క, రెండు ఎండుమిరపకాయలు తుంచి, ఉప్పు అర స్పూను. భగవా దానిమ్మలో పులుపు తక్కువ, అందుకే చింతపండు తప్పదు. మధ్యస్థం మంట మీద మరగనివ్వండి. ఎక్కడ ఆపాలో అందరూ ఇక్కడే తడబడతారు. గరిటె వెనకవైపు వేలితో గీత గీస్తే ఆ గీత కలవకుండా నిలవాలి, అంతే. తీగ పాకం రాకముందే దించేయాలి. చల్లారాక అది ఇంకా చిక్కబడుతుంది. పొయ్యి మీదే చిక్కగా కనిపించేదాకా ఉంచితే తర్వాత రాయిలా గట్టిపడుతుంది.

ఆకుల సంగతి నాకు చాలా ఇష్టం, కాస్త ఎక్కువ మాట్లాడతాను. రోజ్‌మేరీ, థైమ్ ఎండబెట్టినవి సూపర్ మార్కెట్లో సీసాల్లో దొరుకుతాయి. కొనక్కర్లేదు. థైమ్‌కి ఆ ఘాటు వాసన ఇచ్చేది థైమాల్ అనే పదార్థం. మన వాములో ఉన్నది కూడా అదే. ఇంటి ముందు కుండీలో దళసరిగా, నూగుగా ఉండే వామాకు పెంచుతారే, బజ్జీలు వేస్తారు, పిల్లలకి జలుబు చేస్తే రసం తీసి ఇస్తారు, దాని వాసన కూడా ఆ కోవలోదే. నాలుగైదు వామాకులు సన్నగా తరిగి, గ్లేజ్ దించే ముందు వేశాను. దానిమ్మ తీపిలోంచి ఆ ఘాటు పైకి వచ్చి, ముక్క కొరకగానే ముక్కుకి తగులుతుంది. ఎండిన థైమ్‌తో నాకు అంత తాజాదనం రాలేదు. ఎక్కువ వేస్తే మాత్రం తినేవాళ్ళకి దగ్గు మందు గుర్తొస్తుంది, జాగ్రత్త.

పుదీనా చివర్లో పైన చల్లితే బాగుంది, ఉడికిస్తే నల్లబడి వాసన పోతుంది. బాసిల్ అనే విదేశీ ఆకుకి బదులు తులసి వేయమని కొందరు అంటారు. రుచి మాట ఎలా ఉన్నా, పూజ చేసే మొక్క ఆకు తెంపి కోడిలో వేస్తానంటే మా ఇంట్లో నన్నే బయట పెడతారు. ఆ ప్రయోగం మీ ఇష్టం. ఇంకోటి, ఆ బయటి దేశాల వీడియోల్లో డిజాన్ మస్టర్డ్ అనే ఆవ ముద్ద వేస్తారు. నేను ఒక స్పూను ఆవాలు కాస్త నీళ్ళతో మెత్తగా నూరి, గ్లేజ్ గోరువెచ్చగా అయ్యాక కలిపాను. ఆవ ఘాటు వేడికి పోతుంది కాబట్టి ముందే వేయొద్దు.

కోడి విషయానికి వస్తే, నాటుకోడి దీనికి పనికిరాదు. అది పులుసులో ఎక్కువసేపు ఉడకాలి, దాన్ని సంగటికి వదిలేయండి. బ్రాయిలర్‌లో ఫుల్ లెగ్ పీసులు, తోలుతో సహా తీసుకోండి. అంగట్లో "విత్ స్కిన్" అని ముందే చెప్పాలి, లేకపోతే అలవాటుగా తోలు ఒలిచేస్తారు. తోలు కరకరలాడితేనే గ్లేజ్ దాన్ని పట్టుకుంటుంది. కిలోకి 15 గ్రాముల ఉప్పు, మిరియాల పొడి పట్టించి, ఎముక దాకా గాట్లు పెట్టి, నాలుగు గంటలైనా ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచండి. తోలు ఆరుతుంది. పెరుగు, పచ్చి బొప్పాయి ఏవీ వద్దు.

మందపాటి పెనంలో వేరుశనగ నూనె కొంచెం వేసి, తోలు వైపు కిందికి పెట్టి, సన్నటి మంట మీద పావుగంట కదపకుండా వదిలేయండి. తోలులోని కొవ్వు కరిగి అదే నూనె అవుతుంది. తిప్పి మూత పెట్టి ఇంకో పదిహేను నిమిషాలు. థర్మామీటర్ ఉన్నవాళ్ళు ఎముక పక్కన గుచ్చి చూడండి, 74 డిగ్రీలు దాటాలి. లేనివాళ్ళు కీలు దగ్గర గుచ్చితే కారే నీరు ఎర్రగా లేకుండా ఉండాలి.

గ్లేజ్ పూయడం ఆ తర్వాతే. ఇది మాత్రం దయచేసి మార్చొద్దు. పండ్ల చక్కెర 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది, మామూలు చక్కెర 160 దగ్గర. వేగుతున్న పెనం దానికన్నా వేడిగా ఉంటుంది. పచ్చి ముక్కకే గ్లేజ్ పూసి పొయ్యి ఎక్కిస్తే పైన బొగ్గు, లోపల పచ్చి. ముక్క పూర్తిగా ఉడికాక, పెనంలో నూనె వంపేసి, రెండు మూడు విడతలుగా పూస్తూ, ప్రతి విడతకీ ఒక నిమిషం తిప్పండి. అంతే, అయిదు నిమిషాల లోపే అయిపోతుంది. ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్, ఉన్నవాళ్ళు 200 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు పెట్టి, చివరి ఎనిమిది నిమిషాల్లో మాత్రమే పూయండి. పచ్చి కోడికి తగిలిన బ్రష్‌ని గ్లేజ్ గిన్నెలో ముంచొద్దు.

ఇప్పుడు తింటున్నాను. పైపొర కరకర, తర్వాత తీపి, వెంటనే చింతపండు పులుపు, ఎండుమిరప కారం మెల్లగా వెనక నుంచి వస్తుంది. చివర్లో వామాకు. దానిమ్మ గ్లేజ్‌కి నేను 10కి 8న్నర ఇస్తాను. ఒకటిన్నర ఎందుకు తగ్గించానంటే ఒకటి ఖర్చుకి, అర పనికి. దానిమ్మ ఒలిచి, రసం తీసి, కాచేసరికి గంట పడుతుంది. హడావిడిగా ఉన్న ఆదివారం ఇది పెట్టుకోవద్దు.

దేంతో తినాలి? అన్నంలో కలవదు, కలిపే రసమే లేదు. సంగటితో అసలు వద్దు, దానికి పులుసు కావాలి. జొన్న రొట్టెతో మాత్రం నేను అనుకున్నదానికన్నా బాగా కుదిరింది, రొట్టె చప్పదనం గ్లేజ్‌ని మోసింది. పక్కన పచ్చి ఉల్లిపాయ, నిమ్మ చెక్క ఉండాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళు ఒక పూతతో సరిపెట్టుకోండి, లేదంటే కోడికి వట్టి ఉప్పు మిరియాలే చాలు, అలా కూడా బాగుంది.

మా అమ్మ తిన్నదా అంటే, తిన్నది. "కారం చాల్లేదు" అంది, ఇంకో లెగ్ పీస్ పెట్టుకుంది. మీరు కారం ఎక్కువ తినే ఇంటివాళ్ళైతే ఎండుమిరపకాయలు రెండుకి బదులు నాలుగు వేయండి. గ్లేజ్ మిగిలితే గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వారం దాకా బాగానే ఉంటుంది. ముక్కల మీద నుంచి గీకిన గ్లేజ్ మాత్రం దాచకండి.