స్పైనల్ ఇచ్చాక బీపీ పడకముందే: సిజేరియన్‌లో ఫినైలెఫ్రిన్ పంపు

(తెరపై: ఆపరేషన్ టేబుల్, తల్లి ముఖం, వెనుక మానిటర్)

"డాక్టరుగారూ, వాంతొచ్చేలా ఉంది."

స్పైనల్ (నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తు సూది) ఇచ్చిన రెండు మూడు నిమిషాలకే ఈ మాట వినబడితే వాంతి మందు తర్వాత, ముందు బీపీ చూడండి. చాలాసార్లు మానిటర్ కంటే ముందు తల్లే చెబుతుంది.

స్పైనల్‌లో ఇచ్చే మత్తుమందు బుపివకైన్ హెవీ కాళ్లకు తిమ్మిరెక్కించి ఊరుకోదు. రక్తనాళాలను బిగించి ఉంచే సింపథెటిక్ నరాలనూ మొద్దుబారుస్తుంది. నాళాలు వదులైపోతాయి. పైగా వెల్లకిలా పడుకుంటే నిండు గర్భసంచి పెద్ద సిరను నొక్కేస్తుంది, గుండెకు రక్తం తిరిగి రాదు. తల్లి బీపీ ఎంత పడితే మాయకు రక్తం అంత తగ్గుతుంది.

కాబట్టి బీపీ పడేదాకా ఆగొద్దు, నాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ ముందే మొదలుపెట్టండి. 2018 నాటి అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం కూడా ఇదే చెప్పింది.

(తెరపై: ఆంపుల్, సెలైన్ సీసా దగ్గరగా)

ఇక్కడ కళ్లు పెట్టి చూడండి. ఫినైలెఫ్రిన్ ఆంపుల్‌లో 1 ఎంఎల్‌కు 10 మిల్లీగ్రాములు. నేరుగా ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. 100 ఎంఎల్ సెలైన్ సీసాలోంచి 1 ఎంఎల్ తీసేసి, ఆ చోట ఆంపుల్ మందు కలపండి. ఇప్పుడు 1 ఎంఎల్‌కు 100 మైక్రోగ్రాములు. 50 ఎంఎల్ సిరంజిలోకి లాగి, లేబుల్ అంటించాకే చేతిలోంచి కింద పెట్టండి.

స్పైనల్ మందు లోపలికి వెళ్లగానే పంపు మొదలుపెట్టండి: గంటకు 15 నుంచి 30 ఎంఎల్, అంటే నిమిషానికి 25 నుంచి 50 మైక్రోగ్రాములు. ప్రీఎక్లాంప్సియా (గర్భంతో వచ్చే అధిక బీపీ జబ్బు) ఉంటే ఇంకా తక్కువ చాలు. పంపుతో పాటే ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) ధారగా వదలండి, లీటరు దాకా. గంట ముందే ఎక్కించిన సెలైన్ నాళాల్లో నిలవదు, దాన్ని నమ్ముకోవద్దు. టేబుల్ ఎడమకు వంచండి, లేదా కుడి తుంటి కింద వెడ్జ్ పెట్టండి.

(తెరపై: బీపీ, పల్స్ అంకెలు)

బిడ్డ బయటికొచ్చేదాకా నిమిషానికోసారి బీపీ. మొదట పై బీపీ 120 ఉన్న తల్లికి అది 108 కంటే తగ్గకూడదు. 96 కిందికి పోతే ఆలోచించే సమయం కాదు, అదే సిరంజి మందు అర నుంచి 1 ఎంఎల్ బోలస్‌గా (ఒకేసారి) ఇవ్వండి.

పల్స్ కూడా చూడాలి. బీపీ బాగుండి పల్స్ 60 లోపుకొస్తే పంపు తగ్గించండి, లేదా ఆపండి. బీపీ, పల్స్ రెండూ పడితే ఫినైలెఫ్రిన్ పల్స్‌ను ఇంకా దించుతుంది. అప్పుడు రెండిటినీ పెంచే ఎఫిడ్రిన్ 6 మిల్లీగ్రాములు, పల్స్ మరీ జారితే దాన్ని పెంచే అట్రోపిన్.

బిడ్డ ఏడ్చిందని పంపు మరిచిపోకండి. గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఒక్కసారిగా తోస్తే బీపీ మళ్లీ కూలుతుంది. నెమ్మదిగా ఇవ్వండి.