ఏముందిరా ఆ ఇరుకులో? జవాబు రావులపాలెం అరటి మార్కెట్లో ఉంది

నమస్కారమండీ. మొన్న సంక్రాంతికి మా ఇంటి అరుగు మీద జరిగిన మాటలతో మొదలుపెడతాను. హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. రాత్రంతా బస్సులోనే, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు చూస్తూ కూర్చున్నాడట. పెదనాన్న కాఫీ తాగుతూ అడిగారు. "ఏముందిరా ఆ ఇరుకులో? కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఇక్కడ కాలవ గట్టు, కొబ్బరి చెట్లు, పొద్దున్నే గుమ్మంలోకి వచ్చే చేప. ఇవన్నీ వదిలేసి..." వాడు తల దించుకుని "ఉద్యోగం కదా పెదనాన్నా, తప్పదు" అన్నాడు.

ఆ "తప్పదు" అనే మాట ప్రతి పండక్కీ ప్రతి ఇంట్లోనూ వింటున్నాను. విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అది నిజం కాదు. వాడికి రాజమండ్రిలో ఉద్యోగం ఉండేది. మానేసి వెళ్ళాడు. కోరుకునే వెళ్ళాడు. కాకపోతే ఆ సంగతి పెద్దవాళ్ళ ముందు చెప్పడానికి మొహమాటం. ఈ రోజు వాడి తరఫున నేను చెబుతాను.

ముందు ఆ ఇరుకు ఎంతో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నది 39 లక్షల 37 వేల మంది. హైదరాబాద్ జిల్లాలో 39 లక్షల 43 వేల మంది. చూశారా, ఇంచుమించు సమానం! కానీ ఏలూరు, నరసాపురం, పోలవరం మన్యం అన్నీ కలిపి మనకి 7,742 చదరపు కిలోమీటర్లు. వాళ్ళకి 217. అంటే మన జిల్లా మొత్తాన్ని తీసుకెళ్ళి ముప్పై అయిదో వంతు నేలలో సర్దినట్టు. అలాగని మనది ఖాళీ ప్రాంతమేమీ కాదు. దేశం సగటు చదరపు కిలోమీటరుకి 382 మంది అయితే, ఇక్కడ 508. అక్కడ 18 వేల పైచిలుకు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే కూకట్‌పల్లి, మియాపూర్ ఈ లెక్కలో లేవు కూడా, అవి అప్పట్లో రంగారెడ్డి జిల్లా.

(స్క్రీన్ మీద: తెల్లవారుజామున రావులపాలెం రోడ్డు, గెలలు వేలాడుతున్న సైకిళ్ళు)

ఇప్పుడు రావులపాలెం వెళ్దాం. ఒక రైతు తోటలో నాలుగు గెలలు కోశాడు. ఊళ్ళోనే పళ్ళ కొట్టుంది. అక్కడ ఇచ్చేస్తే అయిదు నిమిషాల పని. ఆయన ఏం చేస్తాడు? గెలలు సైకిలుకి అటూ ఇటూ కట్టి, ఎక్కి తొక్కడానికి చోటుండదు కాబట్టి హ్యాండిల్ పట్టుకుని నెట్టుకుంటూ, చీకటి ఉండగానే రావులపాలెం బయల్దేరతాడు. అక్కడ ఉన్నదెవరు? తనలాంటి రైతులే, వందల్లో. అదే కర్పూర, అదే చక్కెరకేళి, అదే బొంత. పోటీ లేని కొట్టు వదిలేసి, ఇంత పోటీ ఉన్న చోటికి ఎందుకు వెళ్ళినట్టు?

లారీలు అక్కడే ఆగుతాయి కాబట్టి. ఒడిశా నుంచో తమిళనాడు నుంచో వచ్చే వ్యాపారి తోట తోటకీ తిరగలేడు. సరుకంతా ఒకేచోట ఉంటేనే లారీ నిండుతుంది. రైతులున్నారని లారీలు వస్తాయి, లారీలున్నాయని రైతులు వస్తారు. ఊళ్ళో కొట్టాయన "ఇంతే ఇస్తాను" అన్నాడనుకోండి, గెల మగ్గిపోయేలోపు ఒప్పుకోవాల్సిందే. రావులపాలెం మార్కెట్ యార్డులో ఒకడు తగ్గించి అడిగితే, పక్కనే ఇంకో బేరగాడు ఉంటాడు. ఆ రెండో బేరగాడిని గుర్తుపెట్టుకోండి. ఈ వీడియో అంతా ఆయన గురించే.

పట్నం అంటే మనుషుల రావులపాలెం. చేతిలో పని అనే గెల పట్టుకుని వెళ్తాం. జనం అక్కడ మనం భరించే కష్టం మాత్రమే కాదు, మనం వెళ్ళేదే ఆ జనం కోసం.

మా తమ్ముడు, అదే ఆ పిన్ని కొడుకు, ఆస్పత్రుల్లో ల్యాబ్ మిషన్లు బాగుచేస్తాడు. రాజమండ్రిలో వాడి పనికి జీతమిచ్చేవాళ్ళు ఒకరో ఇద్దరో. యజమానితో మాటా మాటా వస్తే నోరు మూసుకోవాలి, లేదా ఊరు మారాలి. జీతం పెంచమని అడగడానికి కూడా టెన్షన్. హైదరాబాద్‌లో ఒకచోట పడలేదు, నెల తిరక్కుండా ఇంకోచోట చేరాడు. ఇల్లు మారలేదు, పిల్లాడి స్కూలు మారలేదు. పైగా మరదలు నర్సు. ఇద్దరి గెలలూ ఒకే యార్డులో అమ్ముడుపోవాలి కదండీ! చిన్న ఊళ్ళో మొగుడికి మంచి ఉద్యోగం దొరికితే పెళ్ళాం ఇంట్లో కూర్చుంటుంది. "అమ్మాయి సర్దుకుపోతుందిలే" అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. నాకు ఆ మాట అస్సలు నచ్చదు.

ఇంకో మనిషిని చూపిస్తాను. మా వీధిలో ఉండే ఒక పిన్ని, కుట్టుపని చేసేది. చీరలకి ఫాల్సు, లంగాలు, స్కూలు యూనిఫారాలు, చిరిగిన లుంగీకి అతుకు, ఏది వస్తే అది. ఆవిడకి నిజంగా చేతనైనది మగ్గం వర్కు. చెక్క ఫ్రేముకి జాకెట్టు గుడ్డని డప్పులా బిగించి, ఎడమ చెయ్యి గుడ్డ కింద దారం పట్టుకుని ఉంటే, పైనుంచి కుడిచేతిలో కొక్కెం సూది టకటకా దిగి దారాన్ని లాక్కొస్తుంది. కింద చెయ్యి ఏం చేస్తోందో కంటికి కనపడదు. నెమలి కన్ను ఒక్కటి పూర్తి కావడానికి ఎంతసేపు పడుతుందో పక్కన కూర్చుని చూశాను, ఈలోగా నా టీ చల్లారిపోయింది. అంత పనితనానికి ఊళ్ళో వచ్చేది పెళ్ళిళ్ళ సీజన్లో నాలుగు జాకెట్లు. కొడుకు దగ్గరికి కూకట్‌పల్లి వెళ్ళాక ఆవిడ ఇంకే పనీ ముట్టుకోలేదు. అంత జనంలో రోజూ ఎవరింట్లోనో పెళ్ళి ఉంటుంది. చెయ్యి అదే, సూది అదే. జనం పెరిగేసరికి ఆ ఒక్క పనే ఒక వృత్తి అయింది.

1776లోనే ఆడమ్ స్మిత్ అనే ఆర్థికవేత్త ఈ సంగతి చెప్పాడు. కొనేవాళ్ళు ఎంతమంది ఉంటే, పని అంత సన్నగా విడిపోతుందని. మూటలు మోసేవాడు కూడా పెద్ద పట్నంలోనే ఆ ఒక్క పనితో బతకగలడు అని ఆయన ఉదాహరణ.

ఇక్కడ ఒక అనుమానం రావాలి మీకు. జనం ఉంటే చాలా? చాలదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు, పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే ముద్ర కూడా వచ్చింది. అయినా ఇంటి పట్టున అల్లే మనిషి చేతికి వచ్చేది ఎప్పుడూ తక్కువే. దారం ఇచ్చేదీ ఏజెంటే, అల్లింది పట్టుకెళ్ళేదీ ఏజెంటే. అమ్మేవాళ్ళు వేలు, ఇంటి గుమ్మంలోకి వచ్చే బేరగాడు ఒక్కడు. గెలలు కొండలా పడున్నాయి, లారీ మాత్రం ఒకటే. అందుకే వట్టి రద్దీ పట్నం కాదు. అటూ ఇటూ రెండు వైపులా జనం ఉండాలి.

రెండో సంగతి, నేర్చుకోవడం. కడియం నర్సరీలు చూడండి. ఒకదాని పక్కన ఒకటి, అందరూ అమ్మేది మొక్కలే. ఒకరు కొత్త రకం అంటు కట్టడం మొదలుపెడితే గోడ అవతలి వాడు చూస్తాడు, అక్కడ పనిచేసిన కుర్రాడు రేపు సొంత నర్సరీ పెడతాడు. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త సరిగ్గా దీన్నే వివరించాడు. ఒకే పనివాళ్ళు ఒకచోట చేరితే విద్య దాచినా దాగదని. మా తమ్ముడు కొత్త మిషన్ల సంగతి ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు, టీకొట్టు దగ్గర తోటి మెకానిక్కుల మాటల్లో నేర్చుకున్నాడు.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

మూడోది, ఎవరూ పట్టించుకోకపోవడం. మన ఊళ్ళో ఇల్లు ఏ పేటలో ఉందో చెబితే కులం తెలిసిపోతుంది. ఎవరి కోడలు ఎన్నింటికి ఇంటికొచ్చిందో వీధి మొత్తానికి తెలుసు. మన కోనసీమ జిల్లాకి ఎవరి పేరు ఉందో, ఆ అంబేద్కర్ గారే 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లె మీద మోజుని గట్టిగా ఖండించారు. నగరంలో కులం పోయిందని నేను అనను, అద్దె ఇల్లు అడిగినప్పుడు బయటపడుతుంది. అయినా బస్సులో పక్కన కూర్చున్నవాడికి మీరెవరో తెలియకపోవడం చాలామందికి మొదటిసారి దొరికే ఊరట. పెదనాన్న అరుగు మీంచి చూస్తే అది కనపడదు.

ఖరీదు సంగతి. 2007లో అమెరికాలోని శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళతో కలిసి కొందరు పరిశోధకులు లెక్కగట్టారు. నగరం జనాభా రెట్టింపైతే ఆదాయం రెట్టింపు కంటే ఎక్కువే పెరుగుతుంది, రోడ్లు, వైర్లు మాత్రం రెట్టింపు అక్కర్లేదు. నేరాలు, అంటురోగాలు కూడా రెట్టింపు కంటే ఎక్కువే పెరుగుతాయి. అద్దె అంటారా, అది యార్డులో చోటుకి కట్టే రుసుము. మంచి చోటు కావాలంటే ఎక్కువ కట్టాలి. యార్డు మరీ నిండితే సైకిలు కదలదు, అదే ట్రాఫిక్. కొందరికి లెక్క కుదరదు, వెనక్కి వచ్చేస్తారు. అదీ సరైన నిర్ణయమే.

మన డెల్టాకీ ఒకప్పుడు జనం ఇలాగే వచ్చారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్ళున్నాయి, పనుంది అని ఉత్తరాంధ్ర నుంచి కూలీలు కోతలకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు కోత మిషన్లు దిగాయి, చేలు చేపల చెరువులయ్యాయి, చెరువు గట్టు మీద ఎంతమందికి పని దొరుకుతుంది?

మగ్గం పిన్నితో నిన్న ఫోన్లో మాట్లాడాను. అంతర్వేది తీర్థానికి వస్తానంది. వారం ఉంటుందట, ఇల్లు తలుపులు తీసి దులిపించమంది. రాను, పోను టికెట్లు రెండూ ముందే కొనేసింది.